పుండు పడకముందే నా కాలు చూడండి

పలకలగుట్ట,
తేది: 15-05-2025, గురువారం.

వైద్యాధికారి గారి సముఖమునకు,
ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం, పలకలగుట్ట.

అర్జీదారు: షేక్ లాల్ అహ్మద్, టైలరు, బస్టాండు ఎదురు సందు, పలకలగుట్ట.

అయ్యా,

విషయం: నా కుడికాలి అడుగున నాలుగోసారి పుండు పడబోతున్నందున, పడకముందే దానిని చూడవలసిందిగానూ, ఆసుపత్రి గేటు వద్ద గల ‘చెప్పులు ఇక్కడే విడువవలెను’ అను బోర్డును తీసివేయవలసిందిగానూ కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను చాలా ఏళ్లుగా షుగరు వ్యాధిగ్రస్తుడను. వృత్తిరీత్యా దర్జీని. తమరి గది కిటికీకి వేలాడుతున్న ఆకుపచ్చ కర్టెన్లు నేను కుట్టినవే. ఆ కర్టెను కొంచెం జరిపితే గేటు కనిపిస్తుంది, గేటు నుంచి వరండా దాకా పరిచిన నల్లరాళ్లు కనిపిస్తాయి, వాటి మీద వట్టికాళ్లతో నడిచి వచ్చే మేము కనిపిస్తాము. తమరు ఇంతవరకూ జరిపి చూసినట్టు లేదు గనుక ఈ అర్జీ రాయవలసి వచ్చింది.

ముందుగా నా కాలి చరిత్ర సంగ్రహముగా. నాలుగేళ్ల క్రితం దుకాణంలో గుండుసూది తొక్కాను. తొక్కినట్టు నాకు తెలియదు. షుగరు వల్ల పాదంలో స్పర్శ పోయిందన్న సంగతి కూడా అప్పటికి తెలియదు. ఆ సూదితోనే సాయంత్రం దాకా మిషను తొక్కాను, మసీదుకు పోయాను, కూరగాయలు తెచ్చాను. ఇంటికి వచ్చాక నా భార్య దిల్షాద్ బేగం గచ్చు మీద రక్తపు మరకలు చూసి, పిల్లి ఎలుకను పట్టి ఈడ్చుకుపోయిందనుకుని, చీపురు తీసుకుని మరకల వెంటే వచ్చింది. మరకలు నా దగ్గర ఆగాయి.

ఆ గాయం పుండైంది. పుండు లోపలికి దిగింది. బొటనవేలి పక్క వేలు తీసేశారు. ఆ వేలు పోయాక బొటనవేలు పక్కకు ఒరిగింది, నడిస్తే బరువంతా దాని మొదట్లో పడసాగింది, అక్కడ చర్మం గట్టిపడి ఆనె కట్టింది, ఆనె కింద రెండో పుండు పడింది. అది మానింది. పోయిన వేసవిలో అదే చోట మూడోది పడింది. అది మానడానికి దాదాపు ఏడాది పట్టింది, ఈ రంజాను నెలలో మానింది. ఒంగోలులో నా కాలు చూసిన సర్జను గారు, ఇంకొక్కసారి ఇదే చోట పడి ఎముకకు పట్టిందంటే మడమ పైదాకా తీసేయవలసి వస్తుందన్నారు. మడమ పైదాకా తీసేస్తే నేనెట్లా బతకాలని అడుగుదామనుకున్నాను. ఆయన అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

ఇప్పుడు అదే చోటు మళ్లీ వేడెక్కింది. ఇదీ నా మనవి. ఇక ఫిర్యాదులు వరుసగా చిత్తగించండి.

1. మూడో పుండు పడి వచ్చినప్పుడు తమరు నా చీటీలో ఇంగ్లీషులో ఏదో రాశారు. మా అమ్మాయి గుల్నాజ్ చదివి, చాలాసేపు చెప్పకుండా దాచి, చివరికి చెప్పింది. ‘పుండు తిరిగి వచ్చుటకు కారణము: రోగి నిర్లక్ష్యము’ అని రాశారట. ఒక్క ముక్కలో తేల్చేశారు. తమ ఆసుపత్రిలోనే పనిచేసే సిస్టరు సుప్రియ మాత్రం ఇట్లా ఒక్క ముక్కలో తేల్చలేదు. నా కట్టు మారుస్తూ ఆమె చెప్పిన మాటలు ఇవి:

“మామా, ఒకసారి పుండు పడిన కాలికి మళ్లీ పడేదానికి అదే పెద్ద కారణం. పదిమందిలో నలుగురికి ఏడాది తిరక్కముందే పడతాది. నీ పుండు పోయిందనుకోవద్దు. పండుకోని ఉండాది, అంతే. దాన్ని లేపకుండా చూసుకోవాల.”

ఏవేవి లేపుతాయో కూడా చెప్పింది. పాదంలో స్పర్శ లేకపోవడం, వేలు తీసేసి ఉండటం, ఎముక వంకరపోవడం, ఆనె కట్టడం, కాలికి రక్తం సరిగా పారకపోవడం, షుగరు అదుపు తప్పడం, బీడీ, కొలతకు సరిపోని చెప్పులు, ఇవన్నీ ఒక ఎత్తయితే వట్టికాళ్లతో నడవడం ఒక ఎత్తు. వీటిలో స్పర్శా, వేలూ, వంకరా నా చేతిలో లేవు. బీడీ మానేశాను. దానికి నా సాటి దర్జీలు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. తక్కినవి నా చేతిలో ఎంత ఉన్నాయో, తమరి చేతిలో ఎంత ఉన్నాయో కింద రాస్తున్నాను.

2. గేటు దగ్గరి బోర్డు. మన ఆసుపత్రికి పరిశుభ్రతలో బహుమతి వచ్చినప్పటి నుంచి చెప్పులు గేటు దగ్గరే విడవాలి. లోపల తెల్లటి టైల్సు వేయించారు. సంతోషం. అయితే గేటుకూ ఆ టైల్సుకూ నడుమ ఎవరో దాత పరిపించిన పలకరాళ్లు ఉన్నాయి. మార్కాపురం పక్కన పుట్టినవాళ్లం, పలకరాయి ఎట్లాంటిదో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. నల్లనిది, ఎండనంతా తాగి కూర్చుంటుంది. అంచు పగిలితే బ్లేడుకు తీసిపోదు.

ఇక్కడ ఒక వింత ఉంది, తమరు చూడవలసినది. జ్వరాలకీ దగ్గులకీ వచ్చినవాళ్లు ఆ రాళ్ల మీద కాలు పెట్టగానే అబ్బా అమ్మా అంటూ పరుగెత్తి వరండా ఎక్కేస్తారు. గురువారం షుగరు క్లినిక్కుకు వచ్చే మేము మాత్రం మగపెళ్లివారిలాగా నెమ్మదిగా, మర్యాదగా నడిచి వస్తాము. మాకు కాలదు. అంటే కాలుతుంది, మాకు తెలియదు. నా మూడో పుండు ఇట్లాగే మొదలైంది. మందుల కోసమని ఆసుపత్రికి వచ్చి, ఇంటికి పోయి కాలు చాపితే, పాదం అడుగున నిమ్మకాయంత బొబ్బ. దిల్షాద్ బేగం నెత్తి కొట్టుకుంది. “మందు తెమ్మని పంపితే పుండు తెచ్చినావు గదయ్యా” అంది.

వరండా ఎక్కాక గోడ మీద తమవారే అతికించిన బొమ్మ ఒకటి ఉంది. చెప్పు లేని పాదం, దాని మీద అడ్డంగా ఎర్రగీత, కింద ‘షుగరు రోగులు ఇంట్లో కూడా వట్టికాళ్లతో నడవరాదు’ అని. గేటు విడువమంటుంది, గోడ విడువవద్దంటుంది. రెండూ ఒకే ఆసుపత్రివి. మధ్యలో ఉన్నది నా కాలు.

చెప్పులు కాచే సుబ్బయ్యను నేను బతిమాలాను. “లాల్ బాయ్, నీ కాలు సంగతి నాకు తెలీదా ఏంది? నిన్ను వదిలితే ఎనకాల ఉండేవాళ్లంతా వదలమంటారు. అయ్యగారు కిటికీలోంచి చూసినారంటే నా పని పోతాది” అన్నాడు. తమరు ఆ కర్టెను ఎన్నడూ జరపరని అతనికి నేను చెప్పలేదు. పాపం, ఆ భయంతోనే పనిచేస్తున్నాడు.

తమరి బూట్ల గురించి నేను ఏమీ రాయదలచుకోలేదు. టైల్సు మీద వాటి చప్పుడు మాకు బెంచీల మీదికి వినిపిస్తూనే ఉంటుంది.

3. చెప్పులు బయట విడవడం మాకు తెలియని పద్ధతి కాదు. పుట్టినప్పటి నుంచీ విడుస్తూనే ఉన్నాము. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలన్నారని చెప్పిన రోజు దిల్షాద్ బేగం నాతో మాట్లాడడం మానేసింది. “నమాజు చేసే ఇంట్లో చెప్పులేంది?” అన్నది ఒక్కటే మాట. మరునాడు తనే బజారుకు పోయి మెత్తటి అడుగున్న కొత్త జత తెచ్చి, సబ్బు పెట్టి కడిగి, ఆరబెట్టి, నా ముందు పెట్టింది. “ఇవి గడప దాటగూడదు. దాటినాయంటే నేను ఊరుకోను” అంది. అవి ఇప్పటిదాకా గడప దాటలేదు.

మసీదులో కూడా అంతే. నేను భయపడుతూ పోయి అడిగాను. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, నా కోసం కడిగిన జత ఒకటి విడిగా సంచిలో పెట్టి మెట్ల దగ్గర ఉంచారు. చివరి వరుసలో కుర్చీ వేశారు. “నమాజు చేయమన్నారు గానీ పుండు తెచ్చుకోమని ఎవరూ చెప్పలా లాలూ” అన్నారు పెద్దాయన.

దేవుడి ఇంట్లో నా కాలికి దారి దొరికింది. కాళ్లు బాగుచేసే చోట దొరకలేదు. ఇది రాస్తుంటే కోపంతో కలం కాగితంలోకి దిగబడుతోంది. అక్షరాలు వంకరపోయిన చోట మన్నించనక్కరలేదు, ఎందుకు వంకరపోయాయో ఆలోచిస్తే చాలు.

4. ఉచిత పాదరక్షల పంపిణీ. షుగరు రోగులకు మెత్తటి చెప్పులు ఇస్తామని పిలిచారు. వచ్చాము. అందరికీ ఒకే సైజు. ఎవరి కాలూ కొలవలేదు. ఫొటో మాత్రం మూడుసార్లు తీశారు. ఆ చెప్పు పట్టీ ఒరిగిపోయిన నా బొటనవేలిని ఒరుసుకుంటే, దాన్ని అటక మీద పారేశాను. నాది అంతటితో సరిపోయింది.

యేసుమణిది సరిపోలేదు. తర్లుపాడు దగ్గర పల్లె నుంచి వచ్చే కూలిమనిషి, నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆమె పాదం చిన్నది, తమరిచ్చిన చెప్పు పెద్దది. జారిపోకుండా పురికొసతో చీలమండకు కట్టుకుని మిరపకాయల కోతకు పోయింది. పొద్దంతా ఆ పురికొస కోస్తూనే ఉంది, ఆమెకు తెలియలేదు. అంతకుముందే ఒకసారి పుండు పడి మానిన కాలు అది. పురికొస కోసిన చోట మళ్లీ పడింది, ఈసారి మానలేదు. ఆ కాలు ఇప్పుడు లేదు. పంపిణీ రోజు తీసిన ఫొటోలో ఉంది. ఆ ఫొటో తమ వరండాలో అద్దం బిగించి పెట్టారు. ముందు వరుసలో చెప్పులు రెండు చేతులతో పట్టుకుని నవ్వుతున్న మనిషే యేసుమణి. తమరు ఈసారి అటుగా పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడవలసిందిగా ప్రార్థన.

5. ఇది అసలు ఫిర్యాదు. తక్కినవి చింపేసినా దీన్ని చదవండి.

దిల్షాద్ బేగం రోజూ పొద్దున నా రెండు పాదాలూ ఒడిలో పెట్టుకుని చేతి వెనకవైపుతో తాకి చూస్తుంది. ఒక పాదంలో ఒక చోటు రెండో పాదంలోని అదే చోటు కన్నా వేడిగా ఉంటే, లోపల ఏదో మొదలైనట్టేనని సుప్రియ ఆమెకు నేర్పింది. మొన్న సోమవారం చూసి, “కుడిది కాగతాంది. ఎడమది చల్లగుండాది. ఆనె కింద నల్లగా మచ్చ పడింది. పని ఆపు, పో” అంది. కత్తిరించిన గుడ్డ బల్ల మీదే వదిలి వచ్చాను. గేటు దగ్గర చెప్పులు విడిచి, ఆ రాళ్ల మీదుగానే తమరి గదికి వచ్చాను. సుప్రియ ఆ రోజు పల్లెల్లో శిబిరానికి పోయింది. తమకు గుర్తుండదు గనుక మనిద్దరి మాటలూ ఇక్కడ రాస్తున్నాను.

“గాయం ఏదయ్యా?”

“లేదు సార్. పడేట్టుండాది. కాలు కాగతాంది, చూడండి.”

“గాయం లేకపోతే నేనేం రాయాలి? పుండు పడ్డాక రా. డ్రెస్సింగ్ చేస్తారు.”

పుండు పడ్డాక రా! అయ్యా, ఆ మాట అనడానికి తమకు నోరెట్లా వచ్చింది? పడ్డాక రావడానికి నాకు తమరి సలహా కావాలా? మూడుసార్లు పడ్డాకే వచ్చాను. పడ్డాక వచ్చి వచ్చి ఒక వేలు ఇచ్చాను. ఇంక పాదం ఇయ్యాలి, అంతే తేడా. గాయం ఉంటే కట్టు ఉంది, కట్టుకు చీటీ ఉంది, చీటీకి నంబరు ఉంది. గాయం పడబోయే కాలికి తమ ఆసుపత్రిలో ఏ గదీ లేదు, ఏ పేరూ లేదు. తమరు కుర్చీలోంచి లేవలేదు. పాదం అడుగు చూడాలంటే వంగాలి. తమరు వంగలేదు.

ఆనె కింద నలుపు కనిపిస్తే లోపల రక్తం కారుతున్నట్టని, ఆ ఆనెను తెలిసినవాళ్లు చెక్కి చూడాలని, అక్కడ బరువు పడకుండా చెప్పు చేయించాలని సుప్రియ ఎప్పుడో చెప్పింది. ఇంట్లో బ్లేడుతో మాత్రం కోసుకోవద్దని ఒట్టు వేయించుకుంది. అయ్యా, నా పని సామానంతా కత్తెరా బ్లేడూ. రోజూ కాలరు అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చెయ్యి నాది. సోమవారం నుంచి ఆ బ్లేడు నా ముందే ఉంది, ఆ ఆనె నా కాలికే ఉంది. కోసుకోలేదు. ఆసుపత్రిలో చూస్తారని ఆగాను. ఇట్లా ఆగే మనిషినే తమరు నిర్లక్ష్యపు మనిషని రాశారు.

6. నిర్లక్ష్యం గురించి ఇంకొక్క మాట. చిన్నప్పటి నుంచీ కుడికాలితో తొక్కిన మిషనును ఈ పుండు కోసం ఎడమకాలితో తొక్కడం నేర్చుకున్నాను. నేర్చుకునే రోజుల్లో గిద్దలూరు పెళ్లికొడుకు ఒకతనికి ప్యాంటు కుట్టి ఇస్తే, దాని కాళ్లు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ వచ్చాయి. అతను పెళ్లిపీటల మీద కూర్చునే ఉన్నాడు గనుక బతికిపోయాను. నవ్వాలనుకుంటే నవ్వండి. కానీ పళ్లు తోమే చేతిని ఒక్కరోజు మార్చి చూసి, ఆ తర్వాత నన్ను నిర్లక్ష్యపు మనిషి అనండి.

7. కాలికి రక్తం పారుతున్నదీ లేనిదీ చూసే మిషను స్టోరు గదిలో అట్టపెట్టెలోనే ఉందని ఊరంతటికీ తెలుసు. దానిని బయటకు తీయవలెను.

కావున దయతో తమరు, (అ) ఈ రోజే నా కాలిని స్వయముగా చూసి, ఆనె చెక్కించి, కొలత తీసుకుని చెప్పులు చేసే చోటికి చీటీ రాసి పంపవలెను. (ఆ) షుగరు రోగి ఎవరు వచ్చినా, గాయం ఉన్నా లేకపోయినా, పాదం అడుగు చూడనిదే పంపకూడదు. (ఇ) చెప్పులు తుడుచుకోవడానికి వరండా మెట్టు మీద ఒక తడిపిన గోనెపట్టా వేసి ఆ బోర్డును పీకేయవలెను, పట్టా అంచులు నేను కుట్టి ఇస్తాను. (ఈ) నా చీటీలో ఆ ఇంగ్లీషు మాటను కొట్టివేసి, పక్కన తమరి సంతకం పెట్టవలెను.

నాకు పాదం పోతే నష్టం నాకొక్కడికే కాదు. పొద్దున్నే నా పాదాలు ఒడిలో పెట్టుకునే మనిషి ఒకతె ఉంది. ఆమె ఒడిలో ఒక్క పాదమే మిగిలే రోజు నేను చూడలేను. నాకు భయంగా ఉంది. ఈ మాటను అర్జీలో ఎట్లా రాయాలో తెలియక ఇట్లాగే రాశాను.

ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తం లేకపోతే వంగి నా కాలినైనా చూడవలెను.

తమ విధేయుడు
(ఒక్క చెప్పుల విషయంలో తప్ప),
షేక్ లాల్ అహ్మద్, టైలరు.

తా.క. ఈ అర్జీని స్వయంగా తమ చేతికే ఇద్దామని ఈ రోజు వచ్చాను. గేటు దగ్గర సుబ్బయ్య అడ్డం వచ్చాడు.

“లాల్ బాయ్, చెప్పులు...”

“విడవను సుబ్బయ్యా.”

“అట్లయితే లోపలికి పోనియ్యలేను బాయ్. నా మీద కోపం పెట్టుకోవద్దు.”

“నీ మీద కోపమేంది? పోనులే. ఈడనే కూచుంటా.”

సుబ్బయ్య తన కుర్చీ నాకిచ్చి, తను గోడకు ఆనుకున్నాడు. ఈ నాలుగు ముక్కలూ ఆ కుర్చీలో కూర్చునే రాస్తున్నాను.

నేను రాస్తుండగానే యేసుమణి చంకకర్రలతో వచ్చింది. బోర్డు చూసింది, నన్ను చూసింది. “నాకుండేది ఒక్క చెప్పే గదన్నా, దాన్ని గూడా విడవాలంటనా?” అంది. సుబ్బయ్య మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె నా పక్కన గట్టు మీద కూర్చుంది. వెనక వచ్చినవాళ్లు కూడా కూర్చున్నారు. గురువారం గనుక చాలామందిమి ఉన్నాము. ఎవరమూ చెప్పులు విడవలేదు. అర్జీని సిస్టరు సుప్రియ చేతికిచ్చి లోపలికి పంపుతున్నాము. ఆమెను ఏమీ అనవద్దు.

మేము లోపలికి రాము. తమరే బయటికి రావలెను. ఎండ నడినెత్తికి వచ్చింది, రాళ్లు బాగా కాగి ఉన్నాయి. బోర్డు అందరికీ ఒకటే గనుక తమరు కూడా బూట్లు వరండాలోనే విడిచి రండి. పరుగెత్తాలనిపిస్తే పరుగెత్తండి, ఇక్కడ ఎవరూ నవ్వరు. కాళ్లు కాలితే తమరి కాళ్లు బాగున్నాయని అర్థం, సంతోషించండి. గేటు దాకా చేరాక తమరు అరికాలు చూసుకోవడానికి ఎట్లాగూ వంగుతారు. అప్పుడు పక్కనే ఉన్న నా కాలు కూడా చూడండి.